కసిమినలుపు మొదలు నోబెలు బహుమానము వఱకు

ఇనుపమూకుటిలో ఉసిరికాయలు వేచిన నల్లబడుననియు, కత్తిపీటపై అరటికాయలు తఱిగిన పీటకును వ్రేళ్లకును నల్లని మరక పట్టుననియు ఎఱుగని గృహిణి మన యాంధ్రదేశమున నుండదు. మరక యేల పట్టినదని యడిగినచో "కాయ వగరు" అని వెంటనే బదులు వచ్చును. ఆ బదులు సరియైనదే. కాని వగరునకును ఇనుమునకును గల చుట్టఱిక మెట్టిదను ప్రశ్నను మనము సామాన్యముగా వేసికొనము. ఆ చిన్నప్రశ్నను బట్టుకొని పోయినచో, నేటి రసాయనశాస్త్రమున మిక్కిలి పేరొందిన యొక శాఖయొక్క వాకిట నిలుతుము. ఆ శాఖలో పనిచేసిన మువ్వురు పండితులకు 2025 వ సంవత్సరము అక్టోబరు 8 వ తేదీన రసాయనశాస్త్రమునకైన నోబెలు బహుమానము ప్రకటింపబడినది. వారు జపానుదేశస్థుడగు సుసుము కితగావా, ఆస్ట్రేలియాయందు పనిచేసిన రిచర్డు రాబ్సను, అమెరికాయందు పనిచేయుచున్న ఒమరు యాఘీ అనువారలు.

వార్తాపత్రికలు వారి పేర్లను, చిత్తరువులను ప్రకటించినవి గాని, వారు చేసిన పని యేమో ఇంటనుండు స్త్రీలకు బోధపడునట్లు చెప్పినవి కొద్దియే. శాస్త్రవిషయము లనగానే మనకు గావని పుటను త్రిప్పివేయుట మనలో పలువురకు నలవాటు. ఈ విషయము మాత్ర మట్లు త్రిప్పివేయదగినది కాదు. ఇందు మన వంటయిల్లు గలదు, మన చీరలు గలవు, మన బిందెలోని నీరు గలదు, మన యొడలిలోని రక్తమును గలదు. కావున మాకు బోధపడినంతవఱకు సోదరీమణులకు విన్నవింప బూనితిమి.

మొదట మా పొరుగూరి సంగతితో నారంభింతుము. మా రేణిగుంటకు సుమారు రెండామడల దూరమున స్వర్ణముఖీనదీతీరమున శ్రీకాళహస్తి గలదు. అచ్చటి కలంకారీ వస్త్రములు లోకప్రసిద్ధములు. ఆ పనియందు తరములుగా నాఱితేఱిన కుటుంబమునకు జెందిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008 వ సంవత్సరమున భారతప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుద మొసంగిరి. ఆ బట్టలపై బొమ్మల యంచులను దీర్చు నల్లని గీతలకు వాడు ద్రవమును కసిమి యందురు. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లముతోడను తాటిబెల్లముతోడను నీటిలో వేసి, కుండకు మూతగట్టి కొన్నివారములు పులియబెట్టుదురు. బెల్లము పులిసి పులుసగును. ఆ పులుసులో నినుము కొంత కరగును. అదియే కసిమి. చూచుట కది యంత నలుపుగా నుండదు.

ఇక బట్టమాట. నూలుబట్టను ముందుగా కరక్కాయ కషాయమును గేదెపాలును గలిపిన నీటిలో ముంచి యారబెట్టుదురు. పాలలోని వెన్న రంగును ప్రక్కలకు బ్రాకనీయదు; కరక్కాయలోని వగరు బట్టనూలున నిలిచిపోవును. అటుపిమ్మట వెదురుకలముతో కసిమిని దీసి గీత గీయుదురు. గీత పడిన తోడనే నలుపు దేలును. గాలి తగిలిన కొలదిని ఆ నలుపు చిక్కనగును. ఏటినీటిలో నెన్నిసారు లుతికినను పోదు. కసిమిలో లేని నలుపు, కరక్కాయలో లేని నలుపు, రెండును గలిసిన చోట నెటనుండి వచ్చినది? గీసిన నీటిబొట్టు బట్టను విడువని రంగుగా నేల మాఱినది?

శాస్త్రజ్ఞులు చెప్పు సమాధాన మిది. కరక్కాయ, ఉసిరిక, తుమ్మచెక్క, తేయాకు మున్నగువాని వగరునకు కారణమైన పదార్థములను టానినులందురు. ఒక్కొక్క టానిను అణువునకు జంటజంటలుగా కొన్ని పట్టుకొమ్మలుండును, వానిని చేతులనుకొందము. ఇనుపపరమాణువు ఒక్కసారి యట్టి మూడుజంటల చేతులను బట్టుకొనగలదు. ఒక టానిను అణువు తన పలుచేతులతో పలు యినుపపరమాణువులను బట్టును. ఒక్కొక్క యినుపపరమాణువు మరల వేఱువేఱు టానినులను బట్టును. ఇట్లు చేయిచేయి గలిసి, గీసిన చోటనెల్ల కంటి కగపడని వలయొకటి యల్లుకొనును. ఆ వల నీట కరగదు. వెలుతురును మ్రింగివేయును గావున మనకు నల్లగా గనబడును. మూకుటిలోని ఉసిరికాయ నలుపును, కత్తిపీటపై మరకయు ఇట్టివే. పూర్వము కరక్కాయతోడను అన్నభేదితోడను కాచిన సిరాయు నిట్టిదియే.

పూర్వులెఱిగిన యీ పనినే 2013 వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను విశ్వవిద్యాలయమున ఫ్రాంకు కరూసో అను నాచార్యుని బృందమువారు క్రొత్తకన్నులతో జూచిరి. టానినును, ఇనుపలవణమును నీటిలో గలిపి, అందు మిక్కిలి సూక్ష్మములైన గుండ్లను వేసినచో, క్షణములలో వానిపై పలుచని పొర యేర్పడుననియు, లోని గుండును గరగించివేసినచో గుల్లయైన కోశము మిగులుననియు జూపిరి. అట్టి కోశములలో మందులను నింపి దేహములో వలసిన చోటికి బంపవచ్చునా యని యిపుడు పలుచోట్ల పరిశోధనలు జరుగుచున్నవి. శ్రీకాళహస్తి కుండలోని రసాయనమే యిచ్చట పరీక్షశాల నాళికలో నున్నది.

లోహమును మఱియొక యణువును ఇట్లు పట్టుకొను పట్టునకు శాస్త్రమున సమన్వయబంధమని పేరు. సామాన్యమైన బంధములో రెండు పరమాణువులును చెఱియొక ఎలక్ట్రాను వెచ్చించి జతగట్టును. సమన్వయబంధములో నట్లు గాదు. జతకు వలయు రెండు ఎలక్ట్రానులను ఒకవైపువారే తెత్తురు, లోహము చోటు మాత్రము చూపును. పెండ్లి వ్యయమును ఇరువైపులవారును సగముసగము భరించుట యొక పద్ధతి, ఒకవైపువారే సర్వమును భరించుట యొక పద్ధతి గదా! మనలోకమున రెండవ పద్ధతి కన్నీరు దెచ్చునేమో గాని పరమాణులోకమున గట్టికాపురములే నిలుపుచున్నది. ఈ బంధముయొక్క స్వరూపమును 1893 వ సంవత్సరమున స్విట్జర్లండునందు ఆల్ఫ్రెడు వెర్నరు అను పండితుడు వివరించెను. లోహము తనచుట్టు నిన్ని చేతులనే, ఈ దిక్కులనుండియే పట్టుకొనునని యతడు సిద్ధాంతీకరించెను. అందులకై 1913 లో నతనికి నోబెలు బహుమానము లభించినది.

ఇట్టి బంధములు ఒకదానివెంట నొకటి యనంతముగా సాగినచో దానిని సమన్వయ పాలిమరు అందురు. దీనిని మగవారికన్న మనము సులభముగా గ్రహింపగలము. ఏలయన మనము ప్రతి యుదయమును వాకిట చుక్కలముగ్గు వేయుదుము. ముందు వరుసలుగా చుక్కలు పెట్టి, పిదప గీతలతో గలుపుదుము. చుక్కకు రెండుగీతలే తగిలినచో నది గొలుసువలె సాగును. నాలుగు తగిలినచో గళ్లుగళ్లుగా వాకిలియంతయు నిండును. చుక్క లోహపరమాణువు, గీత కర్బనమును మున్నగువానితో గూడిన సేంద్రియాణువు. ఆ ముగ్గు నేలపైననే గాక పైకిని క్రిందికిని గూడ సాగినదని భావించినచో, అంతస్తులమీద అంతస్తులుగా గదులుగల మేడ యగును. చుక్కను మార్చినను, గీత పొడవు మార్చినను గదియొక్క ఆకారమును వైశాల్యమును మాఱును. ముగ్గువేయునామె యిచ్ఛ యెట్టిదో రసాయనజ్ఞుని యిచ్ఛయు నట్టిదే.

ఇట్టి మేడలలో మానవుడు తెలియకయే కట్టిన వానియందు మిక్కిలి ప్రాచీనమైనదిగా జెప్పబడునది ప్రష్యను నీలమను రంగు. పదునెనిమిదవ శతాబ్ది తొలియేండ్లలో బెర్లిను నగరమున డీస్‌బాకు అను రంగులవాడు ఎఱ్ఱరంగు చేయబోయి, శుద్ధముగాని క్షారమును వాడుటచే ఈ నీలమును బడసెను. అందు ఇనుపపరమాణువులు చుక్కలు. కర్బనమును నత్రజనియు గలిసిన చిన్నకడ్డీలు గీతలు. అవి గలిసి చదరపుగదులుగా నల్లుకొని యుండునని ఇరువదవ శతాబ్దమున గాని తెలియలేదు. ఆ గదులు గొన్ని లోహములకు సరిగా సరిపోవును. 1987 వ సంవత్సరమున బ్రెజిలుదేశమున గోయానియా పట్టణమందు, పాడువడిన వైద్యశాలనుండి దీసిన యంత్రములోని రేడియోధార్మిక సీసియమును తెలియక ముట్టి పలువురు అపాయము పాలైరి, నలుగురు మరణించిరి. అపుడు రోగులకు ఈ నీలమునే మందుగా నిచ్చిరి. ప్రేవులలో సీసియము ఆ గదులలో జిక్కుకొని మలముతో వెలికి బోయినది. బొమ్మలకు వేసిన రంగు ప్రాణములను గాచుట యెంత వింత!

ఇది యాదృచ్ఛికముగా దొరకిన మేడ. కోరినట్లు గట్టుట యెట్లు? ఈ యాలోచనకు మూలము ఒక తరగతిగదిలో నున్నది. ఉపాధ్యాయుని యింట మెలగు మాకు ఈ కథ మఱింత ప్రియమైనది. 1974 వ సంవత్సరమున మెల్బోర్ను విశ్వవిద్యాలయమున రిచర్డు రాబ్సనుగారు విద్యార్థులకు జూపుటకై కొయ్యగోళములు, కడ్డీలు చేయింపదలచిరి. గోళము పరమాణువు, కడ్డీ బంధము. ఏ గోళమునకు ఏ దిక్కున తూట్లు వేయవలెనో వడ్రంగికి గుఱుతు పెట్టి యిచ్చిరి. బొమ్మలు తయారై వచ్చినపిదప నొకటి గమనించిరి: తూట్లు సరియైన చోట నున్నచో, కడ్డీలు గ్రుచ్చుకొని పోవునపుడు రూపము తనంతట తానే యేర్పడుచున్నది. పరమాణువులకు బదులు అణువులనే యిట్లు గ్రుచ్చినచో? ఈ ప్రశ్న పదియేండ్లకు పైగా వారి మనస్సున మెదలినది. తుదకు రాగి అయానులను, నాలుగు చేతులుగల యొక యణువును గలిపి చూచిరి. వజ్రములో కర్బనపరమాణువులు కూర్చుకొనిన తీరుననే అవి కూర్చుకొనినవి. కాని లోపల గొప్ప ఖాళీలు గలవు. ఈ సంగతిని 1989 లో ప్రకటించిరి. బడిపిల్లలకై చేసిన బోధనోపకరణము ఇట్లు క్రొత్తశాస్త్రమునకు విత్తనమైనది.

అయితే రాబ్సనుగారి మేడలు బలహీనములు, సులభముగా గూలిపోవునవి. వానిని నిలబెట్టినవారు తక్కిన యిద్దఱు. 1951 లో క్యోటో నగరమున జన్మించిన కితగావాగారు, నిష్ప్రయోజనముగా దోచుదానియందును ప్రయోజనము గలదను ప్రాచీన చీనా తత్త్వమును నమ్మినవారు. వారు కోరిన ధనసహాయము పలుమాఱులు నిరాకరింపబడినది; ఇట్టి పదార్థములవలన లాభమేమని పెద్దలడిగిరి. 1997 లో వారు కోబాల్టు, నికెలు, జింకు అను లోహములతో సొరంగములవంటి ఖాళీలుగల చట్రములను నిర్మించి, వానిలోని నీటిని ఆరబెట్టి, వాయువులను నింపియు, మరల వెలికి దీసియు జూపిరి. చట్రము చెక్కుచెదరలేదు. ఊపిరి దీసికొనునట్లు ఉబ్బియు తగ్గియు నుండు మెత్తని చట్రములను గూడ వారు పిమ్మట నిర్మించిరి.

యాఘీగారి కథ వేఱు. వారు 1965 లో జోర్డాను దేశమున అమ్మాను నగరమున, పాలస్తీనానుండి తరలివచ్చిన కాందిశీకుల యింట జన్మించిరి. విద్యుద్దీపము లేదు. ఇంటిల్లిపాదియు పశువులతో గూడ నొక్కచోట గాపురము. ఊరికి నీరు ఎప్పుడో వచ్చి కొన్నిగంటలలో నాగిపోవుటయు, అంతలో పాత్రలన్నియు నింపుకొనవలసివచ్చుటయు వారి బాల్యస్మృతులలో నున్నవి. పదునైదవయేట వారు అమెరికాకు జదువబోయిరి. 1995 లో ఇట్టి పదార్థములకు మెటల్ ఆర్గానిక్ ఫ్రేంవర్కులని పేరు వారే వాడిరి. మనము లోహసేంద్రియ చట్రములందము. 1999 లో వారు ప్రకటించిన ఎం.ఓ.ఎఫ్.-5 అను చట్రమునందు జింకు చుక్కలు, టెరిఫ్తాలిక్ ఆమ్లము గీతలు. ఈ యామ్లము మనకు గ్రొత్తగాదు. పాలిస్టరు చీరల నూలును దీనినుండియే చేయుదురు. ఈ చట్రము 300 డిగ్రీల వేడిమి యందును గూలలేదు. ఇట్టి పదార్థము అఱచెంచాడు దీసికొని, అందలి గదుల గోడలన్నిటిని విప్పి పఱచినచో ఒక ఫుట్‌బాలు మైదానమంత యగును. అంత గోడపై నెంత వాయువు అంటుకొనగలదో యూహింపుడు.

ఇక ప్రయోజనములమాట. మన రాయలసీమ స్త్రీలకు మొదటి ప్రశ్న నీరే యగును. బిందె చంకనిడి నడచిన యామడల లెక్క ఏ గ్రంథమునను వ్రాయబడలేదు. ఎండిన గాలిలోను నీటియావిరి బొత్తిగా లేకపోదు; దానిని బట్టుటయే కష్టము. యాఘీగారు అల్యూమినియముతో ఎం.ఓ.ఎఫ్.-303 అను చట్రమును జేసిరి. చల్లని వేళ గాలిలోని యావిరి దాని గదులలో దూరును; వేడిచేసిన మరల వెలికి వచ్చును; ఆ యావిరిని చల్లార్చిన నీరగును. అమెరికాలోని మొహావీ యెడారిలో దీనిని యంత్రమున నిలిపి పరీక్షించి 2019 లో ఫలిత మిట్లు ప్రకటించిరి: ఒక కిలో చట్రము దినమునకు 0.7 లీటరు నీటి నిచ్చినది. ఎడారిగాలినుండి చెంబెడు నీరు దీయుట యద్భుతమే. అయినను గృహిణి లెక్క వేయక మానదు. మన బిందెకు 15 లీటర్లనుకొన్నచో, దినమున కొక్క బిందెకు 21 కిలోలకు పైగా చట్రము వలయును. ఒక యింటికి దినమునకు బిందెలెన్ని వలయునో మనకు దెలియును. కావున చెఱువుల పూడిక దీయుటయు, బావుల గాచుకొనుటయు మానదగినవి గావు. ఎడారులలో, నౌకలలో, ఆపత్సమయములలో త్రాగుటకు మాత్రము ఈ విద్య యక్కఱకు రాగలదు.

నీరు చాలకుండుట యొక కష్టము; ఉన్ననీరు చెడియుండుట మఱియొక కష్టము. ఫ్లోరైడు నీరు త్రాగి పండ్లు మచ్చలువడి, ఎముకలు వంగిపోవు వ్యాధి మన తెలుగునేలకు పాతశత్రువు. 1937 లోనే నెల్లూరు మండలమున నీ వ్యాధి గలదని వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ పేరు ఈ వ్యాధివలననే దేశమంతట వినబడినది; పటికతోను సున్నముతోను ఫ్లోరైడును దీయు పద్ధతికి నల్లగొండ పద్ధతియని పేరే నిలిచినది. త్రాగునీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లిగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని మనదేశమందలి నియమము. పటికలోని అల్యూమినియమునకు ఫ్లోరైడుపై మక్కువ యెక్కువ. ఆ యల్యూమినియమునే ఫ్యుమారిక్ ఆమ్లమను చౌకయైన యామ్లముతో గూర్చి చట్రముగా జేసినచో, అది నీటిలోని ఫ్లోరైడును విశేషముగా బట్టుకొనునని పరీక్షశాలలలో జూచిరి. ఊరి కుళాయివఱకు వచ్చుట కింకను దారి గలదు. కాని దారి యనునది తోచినది.

చిత్తూరు సీమ మామిడితోపులకు ప్రసిద్ధి. మాగవేసిన గడ్డిలో ఒక పండు ముందుగా మాగినచో తక్కినవియు వెంట మాగుట మన మెఱుగుదుము. పండు విడుచు ఇథిలీను అను వాయువే యందులకు కారణము. తోటనుండి దూరదేశపు టంగడికి జేరులోపల పండ్లు మాగి కుళ్లిపోవుటచే రైతునకు వచ్చు నష్టము అల్పము గాదు. ఈ వాయువును బట్టియుంచు చట్రములను గూర్చి పరిశోధనలు గలవు. అంతియ గాక, పండునకు ఇథిలీను పిలుపు వినబడకుండ జేయు మఱియొక వాయువును చట్రములో నింపి, మెల్లమెల్లగా విడుచు పొట్లములను బెల్‌ఫాస్టు నగరపు సంస్థ యొకటి 2016 లోనే విపణికి దెచ్చినది. పరీక్షశాల దాటి యంగడికి వచ్చిన చట్రములలో నిది మొదటివానియందొకటి. తొందరపడి కార్బైడుతో మాగించిన పండ్లు అపాయకరములు, చట్టముచే నిషిద్ధములు. మాగుటను వేగిరపఱచుటకంటె నెమ్మదింపజేయుటయే యిందలి గుణము.

పొగగొట్టములనుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు లోకమును వేడెక్కించుచున్న సంగతి యందఱు వినియేయున్నారు. సున్నపురాతిని గాల్చి సిమెంటు చేయునపుడు ఆ వాయువు విస్తారముగా వచ్చును. మన కడపమండలమున నెఱ్ఱగుంట్ల ప్రాంతమున నట్టి కర్మాగారములు గలవు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయమున జార్జి షిమిజుగారు జింకుతో జేసిన కాల్ఫ్-20 అను చట్రము, పొగలో తేమయున్నను ఆ వాయువును ఏఱి పట్టుకొనును. కెనడాలోనే యొక సిమెంటు కర్మాగారమున దీనిని పరీక్షించిరి; దీనిని టన్నులకొలది చేయు విధమును గూడ గనిపెట్టిరి. పొగను ఉతికి విడుచు కాలము వచ్చునేమో!

ఇన్ని చెప్పినను లోపములను దాచుట తగదు. వేలకొలది చట్రములు నిర్మింపబడినను నిత్యవ్యవహారమునకు వచ్చినవి కొన్నియే. కొన్ని, ఎం.ఓ.ఎఫ్.-5 వంటివి, గాలిలోని తేమకే చెడిపోవును. కొన్నిటికి వలయు లోహములును ద్రవములును ప్రియమైనవి. చెంచాడు చేయుట వేఱు, బస్తాడు చేయుట వేఱు. ఇది వంటచేయు మనకు మఱియొకరు చెప్పనక్కఱలేదు. పదిమందికి వండిన కొలతనే నూఱింతలు చేసినచో పెండ్లివంట యగునా?

దూరపు మాటలిట్లుండ, నేడే మన యింట బనికివచ్చు మాట యొకటి చెప్పవలెను. కసిమినలుపు నేర్పరచు వగరే మన కడుపులోను తన పనిని జేయును. భోజనముతోనో, ఇనుపమాత్రలతోనో గలిపి తేనీరు త్రాగినచో, తేయాకులోని టానినులు ఆహారమందలి యినుమును బట్టుకొని రక్తమున జేరనీయవు. వలలో జిక్కిన యినుము వట్టిగనే వెడలిపోవును. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, మనదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదని తేలినది. గర్భిణులకు ఆసుపత్రిలో నిచ్చిన మాత్రలను తేనీటితోనో కాఫీతోనో మ్రింగి, "వేసికొనుచునే యున్నాము, గుణము లేదు" అనువారిని మేమెఱుగుదుము. మాత్రకును ఈ పానీయములకును నడుమ ఒకటి రెండు గంటల యెడ ముంచవలెను. భోజనములో నిమ్మరసము పిండుకొన్నచో అందలి సి విటమిను ఇనుమును దేహమున జేరుటకు దోడ్పడును. ఇందులకు ధనము అక్కఱలేదు, యంత్రము అక్కఱలేదు. ఒక బంధము సంగతి తెలిసియుండుటయే చాలును.

ఈ శాస్త్రమునందు మన తెలుగునేలకును భాగము గలదు. స్ఫటికములను గోరినట్లు నిర్మించు విద్యను హైదరాబాదు విశ్వవిద్యాలయమున గౌతం దేశిరాజుగారు చిరకాలము పెంపొందించిరి. రాబ్సనుగారి వ్యాసము వెలువడిన 1989 లోనే దేశిరాజుగారి స్ఫటికనిర్మాణ గ్రంథమును వెలువడినది. అది ముఖ్యముగా లోహము లేని స్ఫటికములను గూర్చినదైనను, అణువులు దిక్కెఱిగి చేతులు గలుపుకొనునను భావము రెంటికిని సమానము. వారి శిష్యులలో నొకరైన కుమార్ బిరాధాగారు ఖరగపూరు ఐ.ఐ.టి. యందు సమన్వయ పాలిమరులపైననే పనిచేసిరి. మాకు మఱింత చేరువగ, శ్రీకాళహస్తికి బోవు త్రోవలో ఏర్పేడు వద్ద, 2015 లో స్థాపింపబడిన తిరుపతి ఐ.ఐ.టి. యును, వైజ్ఞానిక విద్యకును పరిశోధనకును నేర్పడిన తిరుపతి ఐసెరును గలవు. తిరుపతిలో 1983 లో స్త్రీలకొఱకే స్థాపింపబడిన శ్రీపద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును గలదు.

పూర్వము శాస్త్రము చదువవలెనన్న మదరాసుకో బెంగుళూరుకో పోవలెను. ఆడపిల్లను పంపుట యెట్లని తలిదండ్రులు వెనుదీయుచుండిరి. నేడు మా యూరి పిల్ల ఉదయమున చద్దన్నము దిని బయలుదేఱి, రసాయనశాలలో పనిచేసి, దీపాలవేళ కిల్లు చేరవచ్చును. అయినను పదియవతరగతి ముగిసిన పిల్లనుగూర్చి "ఇక చాలు" అను మాట ఇండ్లలో వినబడుచునే యున్నది. ముగ్గుచుక్కల లెక్క తప్పని పిల్ల, కొలతలేకయే యుప్పు సరిగా వేయు పిల్ల, రంగు విఱుగకుండ బట్ట ఉతుకు పిల్ల రసాయనశాలలో చేతగాని దగునా? వడ్రంగిచేత గోళములకు తూట్లు వేయించిన యుపాధ్యాయుడు పదేండ్లపాటు ఒక ప్రశ్నను విడువలేదు. నీటికై వేకువనే మేల్కొనిన పిల్లవాడు పెద్దవాడై గాలినుండి నీరు దీసినాడు. కష్టమెఱిగినవారి ప్రశ్నలే గట్టిప్రశ్నలు. నీటి కష్టమును, వంటింటి కష్టమును, ఒంటి కష్టమును మన పిల్లల కంటె బాగుగ నెఱిగినవా రెవ్వరు?

రేపు మూకుటిలో ఉసిరికాయ నల్లబడినపుడు "ఇది యేల నల్లబడినదమ్మా" యని పిల్ల యడిగినచో, "వగరు" అని యూరకుండక, వగరు చేతులతో ఇనుమును బట్టుకొన్నదని చెప్పుదము. తరువాతి ప్రశ్న తానే వేయును. ఆ ప్రశ్నకు మనకు బదులు తెలియనిచో ఏర్పేడు బస్సు మా రేణిగుంట మీదుగనే పోవుచున్నది.